ఫోటోలో లేని చిలకలు

మార్చి నెల, మంగళవారం ఉదయం పదిన్నర. పద్మారావు నగర్‌లోని కల్పలత డిటెక్టివ్ ఏజెన్సీ మెట్లెక్కి వచ్చిన పెద్దమనిషి గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. అవి అడ్డదిడ్డంగా పడితే వంగి, చేత్తో సర్ది, పక్కపక్కన పెట్టాడు. ఆ ఏజెన్సీకి వచ్చేవాళ్ళలో సగం మంది అరుస్తూ వస్తారు, మిగతా సగం క్షమించమన్నట్టు వస్తారు. ఈయన రెండో రకం.

ఏజెన్సీ అనగానే ఏదో ఊహించుకోనక్కర్లేదు. కింద ఇస్త్రీ దుకాణం, పైన రెండు గదులు. కల్పలతకు యాభై మూడేళ్ళు. ఒక బీమా కంపెనీలో ఇరవై రెండేళ్ళు క్లెయిములు పరిశీలించి, అబద్ధాలు వినడం బాగా అలవాటై, చివరికి ఆ అలవాటునే వృత్తిగా చేసుకుంది. ఆమె సహాయకుడు అన్వర్ ముప్పై నాలుగేళ్ళవాడు. కంప్యూటర్లు బాగుచేసే పని మానేసి ఆమె దగ్గర చేరాడు. మేడం దగ్గినా సరే అందులో ఏదో ఆధారం ఉందని నమ్మే మనిషి.

"కూర్చోండి," అంది కల్పలత, ముందున్న వేయించిన పల్లీల పొట్లం పక్కకు జరుపుతూ.

"అమ్మా, నా పేరు బ్రహ్మచారి. జనరల్ బజార్ల వెండి పని చేస్త." ఆయన కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు. "నా మీద దొంగతనం మోపుతున్నరు. ఆదివారం దాకా గడువిచ్చిన్రు. కప్పు తెచ్చియ్యకపోతే పోలీసులకు రాసిస్తరట."

మంచినీళ్ళు తాగాక కథ నెమ్మదిగా బయటికొచ్చింది. లాలాగూడలో నవజ్యోతి క్యారమ్స్ క్లబ్ అని ఒకటుంది. యాభై ఏళ్ళ కింద ఆ క్లబ్బు సెక్రెటరీ హరికిషన్ తండ్రి దానికి ఒక వెండి కప్పు బహూకరించాడు. దాన్ని చేసింది బ్రహ్మచారి తండ్రి. ఏటా జనవరిలో ఫైనల్ అయ్యాక కప్పు వెండి దుకాణానికి వస్తుంది. చెక్క పీఠం చుట్టూ ఉన్న చిన్న వెండి బిళ్ళల్లో ఒకదాని మీద గెలిచినవాళ్ళ పేరు చెక్కి బ్రహ్మచారి తిరిగి పంపిస్తాడు. తర్వాత ఏడాదంతా అది క్లబ్బు బీరువాలోనే ఉంటుంది. ఈ ఏడు కొత్త నియమం పెట్టారు. గెలిచినవాళ్ళు కప్పును ఏడాది పాటు ఇంట్లో ఉంచుకోవచ్చు. ఆ భాగ్యం మొదట దక్కింది బడిలో లెక్కలు చెప్పి రిటైరైన విమలమ్మకు. మార్చి ఎనిమిదిన ఫంక్షన్ చేసి ఆమె చేతికిచ్చారు.

"ఆమె ఇంటికి తీస్కపోయి వారం గాలే, చింతపండు పెట్టి తోమింది," అన్నాడు బ్రహ్మచారి. "ఇంట్ల ఏ గిన్నెనైనా ఆమె గట్లనే తోముతదట. తోముతాంటే మూతి కాడ పచ్చగ తేలింది. లోపలంత ఇత్తడి, మీద వెండి పూత."

"పీఠం?"

"పీఠం మాదే. బిళ్ళల మీద పేర్లు నా చేతి పనే. కప్పు మాత్రం మాది కాదు. మా నాయిన దాని అంచు చుట్టు తీగ చెక్కిండు. తీగల నడుమ పన్నెండు చిలకలు, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. ఈ కప్పుకు ఆకులే ఉన్నయి."

"ఆ మాట వాళ్ళకు చెప్పలేదా?"

"చెప్పిన. గంత చిన్నయి మేమెవ్వరం చూడలేదన్నరు. గోడ మీద ఫోటో చూపెట్టిన్రు. జనవరిల ఫైనల్ నాడు తీసింది. కప్పు ముంగటనే ఉంది, మంచిగ కనవడ్తది. అండ్ల సుత ఆకులే." ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "జనవరిలనే దొంగ కప్పుంటే, నిరుడు పేరు చెక్కనీకి నా దగ్గరికొచ్చినప్పుడే నేను మార్చినట్టు గదా. చిలకల ముచ్చట నేను అల్లిన అబద్ధమంటున్నరు."

కల్పలత నీళ్ళ గ్లాసు మళ్ళీ ఆయన ముందుకు జరిపింది.

"వెండి మార్చిండన్న మాట పడ్డంక నగలు చేసే అవుసలోని దుకాణానికి ఎవరొస్తరమ్మా? నలుగురొచ్చి పట్టీలు, కుంకుమ భరిణెలు వాపసు తీస్కపోయిన్రు. మా ఇంటామె వారం సంది గడప దాటుతలేదు. నన్ను ఒక్క మాట అనలే. నమ్మిందో లేదో సుత తెలుస్తలేదు."

"ఫీజు సంగతి తర్వాత చూద్దాం," అంది కల్పలత లేస్తూ. "అన్వర్, బండి తియ్."

*

క్లబ్బు అంటే ఒక పెద్ద హాలు, ఎనిమిది క్యారమ్ బోర్డులు, పక్కన చిన్న గదిలో ఒక బీరువా. అధ్యక్షుడు సత్యదేవ్ తిరుమలగిరిలో ఉంటాడు. అరవై ఎనిమిదేళ్ళు, గంభీరమైన విగ్రహం, తనకు తెలియని విషయాన్ని కూడా తెలిసినంత గట్టిగా చెప్పే స్వభావం. సెక్రెటరీ హరికిషన్‌కు యాభై ఎనిమిది. మెత్తగా మాట్లాడతాడు. కల్పలతను, అన్వర్‌ను కూర్చోబెట్టి, ఫ్యాన్ వేసి, చాయ్ చెప్పింది ఆయనే.

కల్పలత ముందు గోడ మీది ఫోటోలు చూసింది. తొమ్మిదేళ్ళ గ్రూపు ఫోటోలు వరసగా ఉన్నాయి. మొదటి ఎనిమిదింటిలోనూ ముందు వరసలో సత్యదేవ్ కళ్ళు మూసుకొని ఉన్నాడు. ఈ ఏటి ఫోటోలో మాత్రం రెండు కళ్ళూ విప్పారి చూస్తున్నాడు.

"ఈసారి బాగా వచ్చింది సార్," అంది ఆమె.

సత్యదేవ్ మొహం వెలిగిపోయింది. "ఎనిమిదేండ్ల సంది ఆ హనీఫ్‌ను తిడ్తున్న. పద్మారావు నగర్ల ఫోటో స్టూడియో అతనిది. ఈసారి టైం చూసి కొట్టిండు! పెద్ద ఫ్రేము నేనే కట్టించమన్న. ఫంక్షన్ నాడు పొద్దున తెచ్చి ఇచ్చిండు, ఇక్కడ పెట్టినం. ఈసారి సావనీర్ పుస్తకం గిట్ల ఏమీ లేదు, ఫ్రేమొక్కటే."

"అంతకుముందు ఈ ఫోటో మీలో ఎవరైనా చూశారా?"

"వాట్సాప్ గ్రూపుల వచ్చింది గదా. అందరం చూసినం." ఫోన్ తీసి చూపించాడు. అన్వర్ కప్పు దగ్గర వేళ్ళతో పెద్దది చేశాడు. అంచు అంతా అలుక్కుపోయింది. ఆకో చిలకో కాదు, అక్కడ నగిషీ ఉందన్న సంగతే తెలియడం లేదు.

గోడ మీది ఫ్రేములో మాత్రం ఆకులు స్పష్టంగా ఉన్నాయి. కల్పలత భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత బల్ల మీది ఇత్తడి కప్పును తీసుకుని అదే భూతద్దంతో చుట్టూ తిప్పింది. ఒక్కచోట ఆగింది.

"అన్వర్, ఇది చూడు. కప్పు ఎడమ చెవి పిడి పక్కన మూడో ఆకు."

"రెండు కాడలున్నయి మేడం. ఒక్క ఆకుకు."

"ఇప్పుడు వెనక్కి తిప్పు."

వెనక వైపు కూడా సరిగ్గా అదే చోట రెండు కాడల ఆకు ఉంది. అన్వర్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, ఎందుకో తెలియకపోయినా.

"ఫైనల్ తర్వాత కప్పు ఎక్కడెక్కడికి పోయింది?"

హరికిషన్ తేదీలతో సహా చెప్పాడు. "ఫైనల్ జనవరి పదకొండు. ఆ సాయంత్రమే చారిగారి దుకాణానికి పంపినం. పంతొమ్మిదిన వాపసొచ్చింది. డబ్బాల పెట్టి, లక్క సీలేసి, పెద్దసారు నేను ఇద్దరం సంతకం చేసినం. మార్చి ఎనిమిది పొద్దుగాల దాకా తెరవలే."

"ఆ రోజు తెరిచిందెవరు?"

"నేనే," అన్నాడు సత్యదేవ్. "సీలు చూసుకున్న, మంచిగనే ఉంది. కొత్త మఖ్మల్ డబ్బా వచ్చింది ఆ రోజు. కప్పు దాంట్లోకి మార్చమని హరికిషన్‌కు చెప్పి నేను గదిల నుంచి బయటికొచ్చి ఫోన్ల మీద పడ్డ. ఓ అరగంటకు డబ్బా కార్ల పెట్టుకొని తిరుమలగిరి ఫంక్షన్ హాలుకు నేనే తీస్కపోయిన. డ్రైవరున్నడు, నేనున్న. ఇండ్ల డౌటేముంది మేడం? ఫోటోనే చెప్తాంది గదా. ఫోటో అబద్ధమాడుతదా?"

"ఆడదు సార్," అంది కల్పలత చాయ్ ముగిస్తూ. "దాన్ని తీసినాయన్ని ఓసారి కలుస్తాం."

*

హనీఫ్‌కు తండ్రి ఇచ్చిన ఆస్తి రెండే. ఒకటి ఆ స్టూడియో. రెండోది, కళ్ళు మూసుకున్న ఫోటో గిరాకీకి ఇయ్యద్దు అన్న మాట. సత్యదేవ్ వల్ల ఆ రెండోది ఎనిమిదేళ్ళుగా ఏటా ఒకసారి తప్పుతూ వచ్చింది. ఎన్నిసార్లు క్లిక్కుమనిపించినా ఆయన రెప్పలు సరిగ్గా ఆ క్షణానికే వాలతాయి.

"ఆ ఫోటో ఫైలు చూడాలి హనీఫ్ భాయ్," అంది కల్పలత.

అతను కంప్యూటర్‌లో ఫోల్డర్ తెరిచాడు. అన్వర్ స్టూల్ దగ్గరికి లాక్కుని చూసి, కనుబొమలు ముడిచాడు.

"భాయ్, నీ కెమెరా ఏంది? ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళది గదా? అడ్డం ఆరు వేల చుక్కలుండాలె. ఇండ్ల రెండు వేల నలభై ఎనిమిదే ఉన్నయి."

"వాట్సాప్ చిన్నగ చేస్తది గదా..."

"ఇది వాట్సాప్‌ల నుంచి వచ్చింది కాదు. నీ కంప్యూటర్లదే. ఫ్రేముకు ప్రింటు తీసింది సుత దీన్నే."

హనీఫ్ కర్చీఫ్ తీసి మెడ తుడుచుకున్నాడు. అన్వర్ ఫైలు వివరాలు తెరిచాడు. ఫోటో తీసిన తేదీ జనవరి పదకొండు. మార్చిన తేదీ జనవరి ఇరవై నాలుగు. దాని కింద ఇంకో వరస ఉంది. ఈ చిత్రాన్ని ఏఐ సాధనంతో సవరించారు అని ఆ సాధనం తనంతట తాను రాసిపెట్టిన గుర్తింపు అది.

"మేడం!" అన్వర్ లేచి నిలబడ్డాడు. "ఫోటో నకిలీ! ఈయననే చేసిండు!"

"కూర్చో. ఏఐ ముట్టుకుందని మాత్రమే ఆ లేబుల్ చెప్తోంది. ఎందుకు ముట్టుకుందో మనిషే చెప్పాలి." ఆమె హనీఫ్ వైపు తిరిగింది. "పెద్దసారు కళ్ళు కదా?"

హనీఫ్ తల వంచేశాడు. "యేటా తిడ్తడు మేడం. ఈసారి ఫోన్లు, కంప్యూటర్లు అన్నిట్ల ఈ ఏఐ వచ్చింది గదా. ఫోటో అండ్ల పెట్టి, ముంగటి వరసల నడుమ కూసున్న సార్ కండ్లు తెరువుమని రాసిన. తెరిచింది. మూలకు ఏదో గుర్తు పడితే దాని మీద స్టూడియో పేరు అచ్చేసిన. ఏఐతోని చేసిండని తెలిస్తే, ఇగ హనీఫ్ ఎందుకు, మా ఫోనే చాలంటరు గదా జనం. అల్లా కసమ్, కండ్లే తెరువుమన్న. ఇంకేం ముట్టుకొమ్మనలే."

అన్వర్‌కు ఇప్పుడు అర్థమైంది. "అది కండ్లొక్కటే తెరవదు భాయ్. మొత్తం ఫోటోను మళ్ళ గీస్తది. పైసలియ్యకుండ ఉత్తగ వాడేటోళ్ళకు రెండు వేల చుక్కలకు మించి ఇయ్యదు. గంత చిన్నగైనంక బియ్యపు గింజంత బొమ్మ దానికేం సమజైతది? పక్కన ఆకులుంటే, ఇది సుత ఆకే అనుకొని ఆకు గీసిపెట్టింది."

"కెమెరాలో నుంచి వచ్చిన అసలు ఫోటో ఉందా?" కల్పలత అడిగింది.

ఉంది. హనీఫ్ ఏదీ పారేసే రకం కాదు. హార్డ్ డిస్క్‌లో వరసగా ఏడు ఫోటోలు బయటపడ్డాయి. ఏడింటిలోనూ సత్యదేవ్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. అన్వర్ కప్పు అంచు పెద్దది చేస్తూ పోయాడు. ఆరు వేల చుక్కల ఫోటోలో తీగ స్పష్టంగా విచ్చుకుంది. ఆకుల మధ్య ముక్కు వంచి కూర్చున్న చిన్న చిలక. దాని పక్కన ఇంకొకటి.

"చారిగారు అబద్ధం చెప్పలే!" అన్వర్ అరిచాడు. "కేసు అయిపోయింది మేడం!"

"ఎక్కడయింది? ఫైనల్ నాడు ఉన్నది అసలు కప్పని తేలింది. ఆ సాయంత్రం అది వెళ్ళింది చారిగారి దుకాణానికే. ఎనిమిది రోజులు ఆయన దగ్గరే ఉంది. ఇప్పుడు ఇది చూపిస్తే, నిరుడు కాదు, ఈ ఏడే మార్చావు అంటారు."

అన్వర్ మొహం వాడిపోయింది. కల్పలత మాత్రం నిదానంగా పల్లీ పొట్టు ఊదుకుంటూ తెరనే చూస్తోంది. పక్కపక్కన రెండు ఫోటోలు పెట్టించి, కప్పు ఎడమ చెవి దగ్గర వేలు ఆనించింది. అసలు ఫోటోలో అక్కడ చిలక ఉంది. మార్చిన ఫోటోలో చిలక తోక, పక్క ఆకు కాడ కలిసిపోయి, రెండు కాడల ఆకు ఒకటి మొలిచింది.

"ఈ మార్చిన ఫైలు ఎవరెవరికి ఇచ్చావు భాయ్?"

"గ్రూపుల పెట్టిన. అది జెర చిన్నగైతది. ఫ్రేము పెద్దసారుకు, ఫంక్షన్ నాడు. ఇదే సైజు ఫైలు సెక్రెటరీ సార్‌కు ఒక్కరికే, పెన్‌డ్రైవ్‌ల ఇచ్చిన. జనవరి ఆఖర్ల వచ్చిండు, సావనీర్ల వేస్తమని."

"షుక్రియా," అంది కల్పలత. "శుక్రవారం సాయంత్రం క్లబ్బుకు రావాలి నువ్వు. ఈ హార్డ్ డిస్క్‌తో సహా."

*

శుక్రవారం ఐదింటికి క్లబ్బు హాల్లో ఆటలు బంద్ చేశారు. సత్యదేవ్, హరికిషన్, విమలమ్మ ముందు వరసలో కూర్చున్నారు. హనీఫ్ స్తంభం పక్కన నిలబడ్డాడు. బ్రహ్మచారి అందరికంటే వెనక, తలుపు దగ్గర కూర్చున్నాడు. రమ్మన్నా ముందుకు రాలేదు.

అన్వర్ టీవీకి తీగలు తగిలించి మార్చిన ఫోటో వేశాడు.

"ఈ ఫోటోను నమ్మి మీరు ఒక మనిషిని దొంగన్నారు," అంది కల్పలత. "దీన్ని కెమెరా ఒక్కటే తీయలేదు. సగం ఏఐ గీసింది. హనీఫ్ భాయ్, నువ్వే చెప్పు."

హనీఫ్ చెప్పాడు. సత్యదేవ్ చెయ్యి తనకు తెలియకుండానే కళ్ళ మీదికి పోయింది.

"అంటే నా కండ్లు..."

"అవి మీవి కావు సార్," అంది విమలమ్మ. ఎవరూ నవ్వలేదు, ఆమె తప్ప.

అన్వర్ అసలు ఫోటో వేశాడు. చిలకలు టీవీ నిండా వచ్చి కూర్చున్నాయి. వెనక తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది. బ్రహ్మచారి లేచి నిలబడ్డాడు. తండ్రి చేతి పనిని అంత పెద్దగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

"అయితే ఇప్పుడేమంటరు?" సత్యదేవ్ తేరుకున్నాడు. "ఫైనల్ నాడు అసలు కప్పే ఉంది. తర్వాత ఇతని దగ్గరికే పోయింది. ఇంకా స్పష్టమైంది గదా?"

"నేనూ అదే అనుకునేదాన్ని, ఈ ఆకు లేకపోతే." కల్పలత ఇత్తడి కప్పు ఆయన చేతిలో పెట్టి భూతద్దం ఇచ్చింది. "ఎడమ చెవి పక్కన మూడో ఆకు చూడండి. దానికి రెండు కాడలు. ఇలాంటి ఆకును ఏ పనివాడూ తనంతట తాను చెక్కడు. ఇప్పుడు మార్చిన ఫోటోలో అదే చోట చూడండి."

సత్యదేవ్ కప్పునూ టీవీనీ మార్చి మార్చి చూశాడు. "అదే ఆకు."

"కప్పు వెనక కూడా అదే ఉంది. ఫోటోలో వెనక వైపు కనిపించదు కదా. అందుకే నకిలీ చేసినవాడు ముందు వైపు నగిషీనే వెనక కూడా వేశాడు. అంటే వాడు అసలు కప్పును ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. ఈ ఫోటో చూసి చేశాడు. చారిగారి దగ్గర అసలు కప్పు ఎనిమిది రోజులుంది. చిలకలు చెక్కింది వాళ్ళ నాన్న. ఆయన నకిలీ చేయాలనుకుంటే తప్పుడు ఫోటో పెట్టుకుని ఆకులు చెక్కుతాడా?"

సత్యదేవ్ కప్పును బల్ల మీద పెట్టేశాడు.

"తేదీలు కూడా చూడండి. జనవరి పంతొమ్మిదిన చారిగారు కప్పు ఇచ్చేశారు, మీరు సీలేశారు. హనీఫ్ భాయ్ మీ కళ్ళు తెరిపించింది ఇరవై నాలుగున. అప్పటికి ఈ రెండు కాడల ఆకు లోకంలోనే లేదు. దాన్ని చూసి చేసిన కప్పు చారిగారి దుకాణంలో ఎలా ఉంటుంది? సీలు మార్చి ఎనిమిది దాకా మంచిగానే ఉందని మీరే అన్నారు. కాబట్టి మార్చింది ఆ పొద్దునే, సీలు తీశాక. పీఠం అసలుది. దాని మరలు విప్పి దీనికి బిగించాలి, పది నిమిషాల పని. కార్లో మీ పక్కన డ్రైవరున్నాడు సార్. అంతకుముందు అరగంట కప్పుతో గదిలో ఒక్కరే ఉన్నారు."

ఎవరూ హరికిషన్ వైపు చూడలేదు. చూడకుండా ఉండాలని అందరూ ప్రయత్నిస్తున్నట్టు తెలుస్తోంది.

"వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో ఈ ఆకులు కనబడవు, మనం చూశాం. గోడ మీది ఫ్రేము వచ్చింది ఆ రోజే. అంతకుముందు ఆకులు కనిపించేంత పెద్ద ఫైలు స్టూడియో దాటి పోయింది ఒక్కరి దగ్గరికే, సావనీర్ కోసమని. హరికిషన్ గారూ, ఈ ఏడు సావనీర్ లేదని పెద్దసారు అన్నారు. ఏ సావనీర్ అండీ అది?"

హరికిషన్ తన అరచేతులు చూసుకున్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకోవడం అన్వర్ స్పష్టంగా చూశాడు.

"కప్పు మా ఇంట్లనే ఉంది మేడం," అన్నాడు చివరికి. "అమ్మలే. ఏం చెయ్యలే. మా నాయిన ఫోటో ముంగట పెట్టుకున్న. యాభై ఏండ్లు ఈ బీరువాల ఉంటే, ఉండనీ, మన కండ్ల ముంగట ఉంది అనుకున్న. ఇప్పుడు ఏడాదికొక ఇంటికి తిరగాలంటే పాణం ఒప్పలే. ఎవరింట్ల ఎట్ల పెడ్తరో, ఎట్ల తోముతరో."

"చింతపండుతోనే తోముతరు," అంది విమలమ్మ కటువుగా. "అసలుదైతే ఏమైతుండె దానికి? ఇంకా మెరుస్తుండె."

"వేరే ఊర్ల చేసేటాయనకు ఫోటో పంపి చేయించిన. తిరిగేది నకలుంటే ఎవరికేం నష్టమనుకున్న. వచ్చినంక చూస్తే చిలకల్లేవు. టైం లేకుండె. ఎవ్వరు చూడరులే అనుకున్న." ఆయన గొంతు తగ్గింది. "చారిగారు చిలకలని అన్ననాడు నా పాణం పోయింది. అందరు ఫోటో చూసిన్రు, ఫోటోల సుత ఆకులే ఉన్నయి. అదెట్లయిందో నాకే సమజ్ కాలే. బతికిపోయిన అనుకున్న."

"మీరు బతికారు," అంది కల్పలత. "ఆ కప్పు మీద మీకు ప్రేముంది, కాదనను. కానీ అక్కడ కూర్చున్నాయన పేరు వారం రోజులుగా బజార్లో పడి ఉంది. ఆ పేరు మీ నాన్న ఇచ్చింది కాదు, మీరు తీసుకోవడానికి." ఆమెకు కోపం రావడం అన్వర్ ఏడాదిలో మొదటిసారి చూశాడు.

సత్యదేవ్ గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. కప్పు వాపసొస్తది. పోలీసుల దాకా ఎందుకు? క్లబ్బు పరువు సుత ఉంది గదా. ఈ ముచ్చట ఈ నాలుగు గోడల నడుమనే ఉంచుదాం. చారిగారూ, మా అందరి తరఫున సారీ చెప్తున్న."

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ బ్రహ్మచారి మొదటిసారి ముందుకొచ్చాడు.

"నా మీద పడ్డ మాట నాలుగు గోడల నడుమ ఉండెనా సార్?" అన్నాడు. గొంతు పెంచలేదు. "పోలీసులు నాకొద్దు. కప్పు మీరే పెట్టుకోన్రి. మాట ఎక్కడ తిరిగిందో అక్కడికొచ్చి చెప్పమనున్రి. షటర్ తెరిచి ఉన్నప్పుడు రమ్మనున్రి."

*

శనివారం పదకొండింటికి జనరల్ బజార్ సందులో హరికిషన్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో సంచి, సంచిలో అసలు కప్పు. సత్యదేవ్ నాలుగడుగుల దూరంలో ఆగాడు. కల్పలత, అన్వర్ ఎదురుగా పూసల దుకాణం మెట్ల మీద ఉన్నారు. రావాల్సిన పని వాళ్ళకు లేదు. అన్వర్ ఉండబట్టలేక వచ్చాడు, అతను వస్తున్నాడని ఆమె వచ్చింది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకున్న కారణం అది.

పక్క దుకాణాల్లో సుత్తులు ఆగాయి. చాయ్ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే నిలబడ్డారు. పట్టీలు వాపసు తీసుకుపోయినవాళ్ళలో ఒకామె కూరగాయల సంచితో పోతూ ఆగింది.

హరికిషన్ సంచిలోంచి కప్పు తీసి బ్రహ్మచారి ముందు బల్ల మీద పెట్టాడు.

"క్లబ్బు కప్పు మార్చింది నేను," అన్నాడు. "ఈయన కాదు. ఈయన చెప్పిందంత నిజం. తెలిసి సుత నేను నోరు మూసుకున్న. నన్ను మాఫ్ చెయ్యాలె."

సందులో ఎవరో నిట్టూర్చారు. ఒకరిద్దరు తలలూపారు. కూరగాయల ఆమె అక్కడే నిలబడి ఉంది. పనైపోయిందన్నట్టు హరికిషన్ వెనక్కి తిరగబోయాడు.

బ్రహ్మచారి కప్పును తీసుకోలేదు. చిలకల వైపైనా చూడలేదు. దుకాణం వెనక, మెట్ల పైన ఆయన ఇంటి తలుపు సగం తెరిచి ఉంది. ఆయన అటే చూస్తున్నాడు.

"జెర గట్టిగ చెప్పు హరికిషన్," అన్నాడు. "మా ఇంటామె లోపలుంది. ఆమెకు ఇనవడలే."